పిడుగు పడితే పాపిని వెతకొద్దు

పోయిన వైశాఖంలో మా పక్క గూడెంలో పిడుగు పడి ఒక తల్లీ కొడుకూ చనిపోయారు. జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళారు. వాన మొదలైతే తోట మధ్యలో ఉన్న పనసచెట్టు కిందికి చేరారు. మూడో రోజు నేను పలకరింపుకి వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న పెద్దలు చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడుకోవడం లేదు. ఎవరు చేసిన తప్పుకి ఆ పిడుగు పడిందో తేలుస్తున్నారు. ఆ ఇంటివాళ్ళు కొత్తల పండగకి కోడి ఇవ్వలేదని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ పేరు చెప్పాడు. ఆమె ముందురోజు ఆ తోట వైపు తిరిగి ఏదో గొణిగిందట.

తిరిగి వస్తూ సంతలో టీ తాగడానికి ఆగాను. మైదానం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఒకాయన నా పక్కనే ఉన్నాడు. సంగతి విని, "మీవాళ్ళకి చదువు లేదు మాస్టారూ, అందుకే ఇలా చచ్చిపోతుంటారు" అన్నాడు.

ఒకే రోజు రెండు మాటలు విన్నాను. పాపం వల్ల చచ్చారని మనవాళ్ళు అన్నారు. అజ్ఞానం వల్ల చచ్చారని ఆయన అన్నాడు. వినడానికి ఈ రెండూ వేరు వేరు మాటలు. కానీ రెండూ చేసే పని ఒక్కటే: చచ్చిపోయినవాళ్ళ మీదే తప్పు మోపడం. అందుకే ఈ వ్యాసం ఇద్దరికీ రాస్తున్నాను. మొదట మనవాళ్ళకి.

నేను ఇది బయట నిలబడి చెప్పడం లేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా చిన్నాన్న కొండ మీద పోడులో పిడుగు తగిలి పోయాడు. పక్కనే ఉన్న పిన్నికి ఏమీ కాలేదు. అదే ఆమె నేరమైపోయింది. మొగుణ్ణి మింగి తాను బతికిందన్నారు. చిల్లంగి తెలుసన్నారు. ఏడాది తిరక్కుండా ఆమె చంటిబిడ్డని తీసుకుని కొండ దిగిపోయింది. ఎక్కడో ఇటుకబట్టీలో పని చేసిందని విన్నాం. మళ్ళీ రాలేదు. ఆమె వెళ్తున్నప్పుడు పిల్లలందరం దూరంగా నిలబడి చూశాం. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది. నేను పలకలేదు. నేనూ నమ్మాను కాబట్టి పలకలేదు.

తర్వాత నేను చదువుకుని మాస్టర్నయ్యాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ప్రతి ఏడూ ఎండాకాలం ముగిసి ఉరుములు మొదలయ్యేసరికి పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ నన్ను అవే ప్రశ్నలు అడుగుతారు. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తాను.

పిడుగు మనిషిని ఎంచుకుంటుందా? ఎంచుకోదు. పెద్ద మేఘం లోపల మంచు పలుకులూ వడగళ్ళూ ఒకదానితో ఒకటి రాసుకుని కరెంటు పుడుతుంది. దువ్వెన తల మీద రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి కదా, ఆ కరెంటే ఇది. కాకపోతే కొన్ని కోట్ల రెట్లు. మేఘం అడుగున అది పోగుపడి కిందికి దిగడం మొదలుపెడుతుంది. ఒక్కసారిగా దిగదు. కొంత దూరం దిగి, ఆగి, పక్కకి తిరిగి, మళ్ళీ దిగుతుంది. ఆకాశంలో మెరుపు వంకరటింకరగా కనిపించేది అందుకే. నేలకి బాగా దగ్గరయ్యాకే కింద ఉన్న చెట్ల కొనల నుంచి, రాళ్ళ నుంచి, మనుషుల తలల నుంచి కంటికి కనిపించని కరెంటు పాయలు పైకి లేస్తాయి. ఏ పాయ ముందు దాన్ని అందుకుంటే అక్కడ పిడుగు పడుతుంది. అంటే ఎక్కడ పడాలన్నది చివరి కొన్ని పదుల మీటర్లలో తేలుతుంది. మేఘంలో ఉన్నప్పుడు దానికి మన గూడెమే తెలియదు. మనం కోడి ఇచ్చామో లేదో ఎలా తెలుస్తుంది?

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క చూడండి. 2022లో మన దేశంలో ప్రకృతి విపత్తుల వల్ల 8,060 మంది చనిపోతే, అందులో 2,887 మందిని తీసుకుపోయింది పిడుగే. వరద కంటే, చలి కంటే, వడదెబ్బ కంటే ఎక్కువ. ఈ 2,887 మందీ పాపులేనా? లంచాలు తిని మేడలు కట్టినవాడి మేడలో ఒక్కరి మీదా పడని పిడుగు, అంబలి తాగి జీడిపిక్కలు ఏరుకునే తల్లి మీద పడిందంటే, అది పాపాన్ని చూసి పడిందని ఏ నోటితో అంటాం?

చెట్టు కిందికి వెళ్తే ఎందుకు చస్తారు? ఎత్తుగా ఉన్నదాని మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ. చెట్టు మీద పడ్డాక అది చెట్టుతో ఆగదు. పచ్చి చెట్టు కంటే మనిషి ఒంట్లో కరెంటు తేలిగ్గా పారుతుంది. అందుకని మాను నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. మిగిలింది వేళ్ళ గుండా నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. పిడుగు మరణాల్లో నెత్తిన నేరుగా పడి పోయేవాళ్ళు తక్కువ. ఇలా పక్క నుంచి దూకిన దానికీ, నేలలో పాకిన దానికీ పోయేవాళ్ళే ఎక్కువ. చిన్నాన్న పోయి పిన్ని బతకడంలో ఉన్న రహస్యం ఇంతే. ఆయన మానుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె పది బారల దూరంలో కూలిన దుంగ మీద రెండు కాళ్ళూ దగ్గరికి పెట్టి ముడుచుకుని కూర్చుంది. ఇది తెలుసుకోవడానికి నాకు టీచర్ ట్రైనింగు దాకా పట్టింది. అప్పటికి ఆమె వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది.

పశువులు ఒకేసారి పది, ఇరవై ఎందుకు పడిపోతాయి? దేవుడు మందని అడిగాడని అంటాం. నేలలో పాకే కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి ఇంకో కాలి నుంచి దిగుతుంది. రెండు కాళ్ళ మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఒంట్లో పారే కరెంటు అంత ఎక్కువ. ఆవుకి ముందుకాళ్ళకీ వెనకకాళ్ళకీ మధ్య దూరం ఎక్కువ, ఆ దారిలోనే గుండె ఉంటుంది. పైగా వానకి మంద అంతా ఒకే చెట్టు కిందికి చేరుతుంది. మనకి నేర్చుకోవలసింది ఇందులోనే ఉంది. ఆరుబయట చిక్కుకుపోతే పదిమందీ ఒకేచోట గుమిగూడొద్దు, ఎడం ఎడంగా ఉండాలి. కాళ్ళు దగ్గరికి పెట్టి గొంతుక్కూర్చోవాలి. నేల మీద పడుకోకూడదు. ఇది రక్ష అని చెప్పను. వేరే దారి లేనప్పుడు ప్రమాదాన్ని కొంచెం తగ్గించే మాట మాత్రమే.

ఒకసారి పడ్డచోట మళ్ళీ పడదంటారు, నిజమేనా? అబద్ధం. ఎత్తైన టవర్ల మీద ఏడాదిలో ఎన్నోసార్లు పడుతుంది. మా బడి వెనక గట్టు మీద ఉన్న జీలుగు చెట్టుకి రెండు మచ్చలు ఉన్నాయి. మొదటి పిడుగు పడ్డాక అక్కడ ఇక భయం లేదని కల్లు కుండలు దాని కిందే దాచారు. రెండోది పడ్డప్పుడు కుండలే పోయాయి, మనుషులు లేరు.

మెడలో కడియాలూ, చేతిలో కత్తీ పిడుగుని పిలుస్తాయా? ఒంటి మీది చిన్న లోహం మేఘం నుంచి పిడుగుని లాగలేదు. సెల్‌ఫోనూ లాగదు. కాకపోతే పిడుగు తగిలిన మనిషి ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం ఎక్కువ కాలుతుంది. ఖాళీ మైదానంలో గొడ్డలి భుజాన ఎత్తి పట్టుకుంటే ఆ మేరకు మన ఎత్తు పెరుగుతుంది, అది ప్రమాదమే. కానీ ఒకసారి అవగాహన సదస్సని వచ్చినవాళ్ళు మన ముసలమ్మల్ని నిలబెట్టి, ఈ కడియాల వల్లే మీమీద పిడుగులు పడుతున్నాయి, తీసెయ్యండి అన్నారు. వాళ్ళ మెడల్లో బంగారు గొలుసులు ఉన్నాయి. బంగారం లోహం కాదా? మన కంచు మాత్రమే లోహమా? మైదానంలో ఉరిమితే అర్జునా ఫల్గుణా అని పేర్లు చదువుతారు. అది వాళ్ళకి సంప్రదాయం. మనం శంకుదేవుణ్ణి తలుచుకుంటే మూఢనమ్మకం. పిడుగు దగ్గర రెండూ ఒకటే, రెండూ పని చెయ్యవు. భయంలో ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవడంలో తప్పు లేదు. తలుచుకుంటూ చెట్టు కింద నిలబడడమే తప్పు.

పిడుగురాయి సంగతేమిటి? దున్నుతుంటే నున్నగా, ఒకవైపు పదునుగా ఉన్న నల్లరాయి దొరికితే పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడిందని దేవుడి దగ్గర పెడతాం. అది ఆకాశం నుంచి పడలేదు. వేల ఏళ్ళ కిందట, ఇనుము తెలియని కాలంలో, ఈ కొండల్లో బతికిన మనుషులు బండ మీద నూరి నూరి చేసుకున్న గొడ్డలి అది. దాన్ని ఆకాశానికి ఇచ్చేయడం నాకిష్టం లేదు. ఈ నేలని మనకంటే ముందు సాగు చేసిన చేతులు చేసిన పని అది. దేవుడి దగ్గరే ఉంచండి. కానీ ఎవరు చేశారో పిల్లలకి చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది: పిడుగు తగిలినవాళ్ళని ముట్టుకోవచ్చా? మన దగ్గర ముట్టుకోరు. ఒంట్లో పిడుగు ఇంకా ఉంటుందని అంటారు. కొన్నిచోట్ల పేడలోనో, ఇసకలోనో మెడ దాకా కప్పెడతారు, పిడుగుని నేల లాగేస్తుందని. ఇది మనుషుల్ని చంపుతోంది. పిడుగు రెప్పపాటులో వచ్చి పోతుంది, ఒంట్లో కరెంటు ఏమీ మిగలదు. వెంటనే ముట్టుకోవచ్చు. పిడుగు తగిలినవాళ్ళలో ఎక్కువమంది బతుకుతారు. చనిపోయేవాళ్ళు చాలావరకు గుండె ఆగి, ఊపిరి ఆగి పోతారు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడిమధ్య అరచెయ్యి పెట్టి, దాని మీద ఇంకో చెయ్యి వేసి, రెండంగుళాలు దిగేలా గట్టిగా నొక్కి వదలాలి. నిమిషానికి వంద, నూట ఇరవైసార్లు. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదడం తెలిసినవాళ్ళు ఉంటే ముప్పైసార్లు నొక్కాక రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా, లేకపోతే డోలీలో రోడ్డు చేరేదాకా ఎవరో ఒకరు నొక్కుతూనే ఉండాలి. ఇద్దరు ముగ్గురు పడిపోతే మూలుగుతున్నవాళ్ళ దగ్గరికి కాదు, కదలకుండా పడి ఉన్నవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళాలి. మా చిన్నాన్నని సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోలేదు. పిన్ని ముట్టుకోబోతే పట్టి లాగేశారు. ఆ తర్వాత ఆమెనే హంతకురాలన్నారు.

మనవాళ్ళకి చెప్పవలసింది చెప్పాను. ఇప్పుడు సంతలో టీ తాగిన ఆ పెద్దమనిషి మాటకి వస్తాను. చదువు లేక చస్తున్నామట. సరే, చదువు ఏం చెబుతుందో చూద్దాం.

ఉరుము వినపడితే ఇంట్లోకి వెళ్ళాలని పాఠం. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టాలి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందని, వెంటనే లోపలికి వెళ్ళాలని, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదని చెబుతాను. పిల్లలు చక్కగా లెక్కపెడతారు. పోయిన ఏడాది అయిదో తరగతి గుంటడు ఒకడు లేచి అడిగాడు. "మాస్టారూ, మా ఇల్లు ఇంటి లెక్కలోకి వస్తాదా?"

ఏం చెప్పను? రాదు. పిడుగు నుంచి కాపాడే ఇల్లంటే నాలుగు గోడలూ, శ్లాబూ, అందులో ఇనప ఊచలూ, నేలలోకి దిగిన కరెంటు తీగలూ పైపులూ ఉన్న ఇల్లు. పిడుగు పడినా ఆ దారుల గుండా నేలలోకి పోతుంది. గడ్డికప్పు గుడిసె ఆ పని చెయ్యలేదు, పైగా అంటుకుంటుంది. పోడులో కావలి మంచె అయితే మరీ ప్రమాదం, కొండవాలు మీద ఎత్తుగా ఒంటరిగా నిలబడి ఉంటుంది. నాలుగు రాటల మీద రేకులు వేసిన పాకా, బస్సు షెల్టరూ కూడా రక్ష కావు. వాడికి ఉరుము లెక్క వచ్చు. పరిగెత్తి చేరడానికి చోటు లేదు. దీన్ని చదువు లేకపోవడం అంటారా?

ఎండాకాలంలో, తొలకరిలో మధ్యాహ్నం దాటాక మేఘాలు కట్టి పిడుగులు ఎక్కువ పడతాయి. ఆ నెలల్లోనే ఇప్పపువ్వు రాలుతుంది, తునికాకు కోతకొస్తుంది, జీడిపిక్క పండుతుంది, పోడు దుక్కి మొదలవుతుంది. మేం బయట ఉండేది సరదాకి కాదు. ఆ నెలల్లో కొండెక్కకపోతే ఏడాదంతా సంతలో చేతిలో డబ్బు ఉండదు. మధ్యాహ్నం తర్వాత బయటికి వెళ్ళవద్దు అని ఆఫీసు నుంచి ప్రకటన ఇవ్వడం తేలిక. ఆ రోజు కూలి ఎవరిస్తారో ఆ ప్రకటనలో ఉండదు.

తర్వాత, యాప్ ఉంది కదా అంటారు. ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ మంచిదే. మనమున్న చోటికి ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతుంది. విపత్తుల సంస్థ నుంచి ఫోనుకి సందేశాలూ వస్తాయి. కానీ మా గూడెంలో సిగ్నల్ లేదు. సిగ్నల్ కావాలంటే గట్టెక్కి, నేను చెప్పిన ఆ జీలుగు చెట్టు దగ్గరున్న బండ మీద నిలబడాలి. పింఛను కోసం, కొడుకుతో మాట్లాడడం కోసం అందరూ అక్కడికే ఎక్కుతారు. పిడుగు వస్తోంది జాగ్రత్త అన్న సందేశం మాకు అందాలంటే, పిడుగు పడే చోట నిలబడాలి. దీనికి నవ్వాలో ఏడవాలో ఆ పెద్దమనిషే చెప్పాలి.

పక్కనున్న ఒడిశాలో పిడుగుల నుంచి కాపాడతాయని తాటిచెట్లు నాటే పథకం పెట్టారు. చెట్లు నాటడం మంచిదే. ఎత్తైన చెట్టు మీద పిడుగు పడవచ్చు, అదీ నిజమే. కానీ తాటిచెట్టు కాపాడుతుందని విన్న మనిషి వానలో ఎక్కడికి పరిగెత్తుతాడు? ఆ తాటిచెట్టు కిందికే. పైగా నాటిన తాటి ఎదిగేసరికి నా బడి పిల్లలు పిల్లల తల్లులవుతారు. చెట్టుతో పాటు ఒక శ్లాబు గదీ కట్టి ఉంటే బాగుండేది.

పరిహారం మాటకొస్తే, మనిషి పోతే నాలుగు లక్షలని 2026 మార్చి దాకా అమలులో ఉన్న విపత్తు నిధి నిబంధనల్లో ఉండేది. అయితే కేంద్రం ఇచ్చిన ఆ నిబంధనల జాబితాలో తుపాను, వరద, కరువు, భూకంపం, వడగళ్ళు, మంచుచరియలు, చివరికి పంట మీద పడే పురుగు కూడా ఉండేవి. పిడుగు లేదు. రాష్ట్రాలు దాన్ని తమ విపత్తుగా ప్రకటించుకుని, నిధిలో పది శాతం మించకుండా ఖర్చు పెట్టుకోవలసి వచ్చేది. ఏడాదికి రెండు వేల పైన ప్రాణాలు తీసేది ఆ జాబితాలో లేకపోవడానికి కారణం నాకు ఒక్కటే కనిపిస్తుంది. పిడుగు ఒకేసారి పట్టణాన్ని ముంచదు. ఒక్కో గూడెంలో ఒకరిని, ఇద్దరిని తీసుకుపోతుంది. టీవీలో చూపించడానికి ఏమీ ఉండదు.

ఆ డబ్బు రావాలన్నా పోలీసు కేసు కావాలి, పోస్టుమార్టం కావాలి. చనిపోయిన మనిషిని డోలీ కట్టి కొండ దించి, రోడ్డు దాకా మోసి, జీపు మాట్లాడుకుని ఆసుపత్రికి చేర్చాలి. చాలా ఇళ్ళవాళ్ళు ఆ సాయంత్రమే పాతిపెట్టేస్తారు. కాగితం లేదు కాబట్టి ఆ చావు లెక్కలోకి రాదు. అంటే నేను పైన రాసిన 2,887 అన్న అంకె కూడా కాగితం ఉన్న చావులదే.

కాబట్టి అడగవలసినవి ఇవి. ప్రతి గూడెంలో పిడుగుకడ్డీ పెట్టిన ఒక పక్కా గది ఉండాలి. బడి కావచ్చు, అంగన్‌వాడీ కావచ్చు. వానాకాలంలో దానికి తాళం వెయ్యకూడదు. పిడుగుకడ్డీ పిడుగుని ఆపదు, దూరం నుంచి పిలవదు. పడ్డదాన్ని గోడల జోలికి పోకుండా నేలలోకి దించుతుంది. 1752లోనే మనిషికి తెలిసిన సంగతి ఇది. సెల్ టవర్‌కి పెడుతున్నారు. మా బడికి ఎందుకు పెట్టరు? హెచ్చరిక ఫోనుకి కాదు, గూడేనికి రావాలి. మండలం నుంచి మైకుకో, సైరనుకో రావాలి. అది లేనిచోట బారికి డప్పు కొట్టి చాటాలి, ఆ పనికి అతనికి కూలి ఇవ్వాలి. శవం కొండ దిగడం కాదు, డాక్టరు కొండ ఎక్కాలి. ప్రతి గూడెంలో నలుగురికి గుండె నొక్కడం నేర్పాలి. అది మా బడిలో నేనే మొదలుపెట్టాను, ఇసక మూట మీద. పిడుగు కేంద్రం జాబితాలో ఉండాలి.

ఇవి అడిగేటప్పుడు మన నోటికి బలం ఉండాలి. చనిపోయినవాళ్ళ పాపం వల్ల పిడుగు పడిందని మనమే ఒప్పుకుంటే, ఏ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఏం అడుగుతాం? దేవుడి శిక్షకి ప్రభుత్వం పరిహారం ఎందుకివ్వాలని వాళ్ళు అడిగితే మన దగ్గర మాట ఉండదు. చిల్లంగి అని ఒక ముసలమ్మని వెళ్ళగొట్టిన రోజున, శ్లాబు గది కట్టనివాళ్ళని మనం చేతులారా వదిలేస్తున్నాం.

ఆ మూడో రోజు అరుగు మీద నేను ఇవన్నీ చెప్పలేదు. ఒక్కటే అడిగాను. "ఆళ్ళు ఎక్కడ నిలబడ్డారు?" పనసచెట్టు కింద అన్నారు. "దగ్గర్లో ఇంకెక్కడైనా చోటుందా?" ఎవరూ మాట్లాడలేదు. అందరం వెళ్ళి చూశాం. మానుకి పైనుంచి కిందికి బెరడు లేచిపోయి ఉంది. దాన్ని చూపించి పాఠం చెప్పినట్టే చెప్పాను. పెద్దాయన చాలాసేపు ఆ గీత వంక చూసి, "అయితే ముసలిదానిది ఏం లేదంటావు" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆమె ఇంకా ఆ గూడెంలోనే ఉంది. మొన్న సంతలో నాకు నాలుగు చింతపండు ఉండలు ఇచ్చి డబ్బు తీసుకోలేదు.

మా పిన్నికి ఆ మాట అడిగేవాళ్ళు దొరకలేదు. మీ గూడెంలో రేపు పిడుగు పడితే, ఎవరి వల్ల పడిందని ఎవరైనా నోరు తెరిచేలోపు మీరు నోరు తెరవండి. ఎక్కడ నిలబడ్డారని అడగండి. అక్కడే ఎందుకు నిలబడవలసి వచ్చిందని అడగండి. ఆ రెండో ప్రశ్నకి జవాబు మన గూడెంలో లేదు, మండలం ఆఫీసులో ఉంది. అందరం కలిసి అక్కడికి వెళ్దాం.